అణువులలో కుడి ఎడమలు: దృక్ శుద్ధతను కొలుచు విధానం

ఈ సంచికను ఒక అట్ట వైపు నుండి తెరచినవారికి తెలుగు రచనలు, రెండవ అట్ట వైపు నుండి తెరచినవారికి ఉర్దూ రచనలు మొదటగా కనిపించును. తెలుగు లిపి ఎడమ నుండి కుడికి, ఉర్దూ లిపి కుడి నుండి ఎడమకు నడచును గనుక ఒకే పుస్తకానికి రెండు మొదళ్ళు ఏర్పడినవి. కాగితం ఒకటే, సిరా ఒకటే, కుట్టు ఒకటే. తేడా అంతా దిశలో ఉన్నది. కర్బన రసాయన శాస్త్రంలో ఇటువంటి పదార్థాలు లెక్కకు మిక్కిలి. వాటిలోని పరమాణువులు అవే, వాటి సంఖ్య అదే, ఒకదానితో ఒకటి కలిసిన వరుస కూడ అదే. అయినను ఒకటి కుడిచేతి వంటిది, రెండవది ఎడమచేతి వంటిది. కుడికాలి చెప్పును ఎడమకాలికి తొడిగినవారికి ఈ భేదం ఎంత చిన్నదో, ఎంత పెద్దదో వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ వ్యాసం వ్రాయుటకు కారణం ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న. దివిసీమ నుండి వచ్చి మన కళాశాలలో బి.ఎస్సీ. చదువుచున్న ఆ అబ్బాయి ఒకనాడు తరగతి ముగిసిన తరువాత నా వద్దకు వచ్చి, "మాస్టారూ, మా నాన్నగారు చెరకు తోలినప్పుడు ఫ్యాక్టరీవారు తూకం వేసేది మా కళ్ళ ఎదుటనే. కాని ఆ రసంలో పంచదార ఎంత ఉన్నదో లోపల గదిలో చూస్తారట. రంగు లేని నీళ్ళలో పంచదార ఉన్నదో లేదో కంటితో చూసి ఎట్లా చెపుతారండీ?" అని అడిగినాడు. పాఠ్యపుస్తకంలో ధ్రువణ భ్రమణం అనే అధ్యాయం అప్పటికే చెప్పి ముగించినాను. ఆ అధ్యాయానికీ, వాళ్ళ ఊరి చెరకు బండికీ సంబంధం ఉన్నదని మాత్రం చెప్పలేదు. ఆ లోపాన్ని ఇక్కడ సరిదిద్దుకొనుచున్నాను.

కృష్ణా డెల్టాలో చెరకు కొత్త పంట కాదు. 1941లో వెలగపూడి రామకృష్ణగారు స్థాపించిన కె.సి.పి. సంస్థవారి ఉయ్యూరు ఫ్యాక్టరీ పేరు బందరు రోడ్డు మీద ప్రయాణించిన ప్రతివారికీ తెలిసినదే. చల్లపల్లికి చేరువన లక్ష్మీపురంలోని ఫ్యాక్టరీకి దివిసీమ రైతులు తరతరాలుగా చెరకు తోలినారు. ఇటువంటి ప్రతి ఫ్యాక్టరీ ప్రయోగశాలలోను ఒక పొడవైన గొట్టం గల పరికరం ఉండును. దాని పేరు పోలారిమీటరు. తెలుగులో ధ్రువణమాపకం అందురు. పంచదార కొరకే గుర్తులు వేసిన దానిని శాకరీమీటరు అని కూడ పిలుచుట కలదు.

కాంతి తరంగాలు సాధారణంగా తాము పోవు దారికి అడ్డంగా అన్ని దిశలలోను కంపించును. కిటికీకి నిలువు ఊచలు ఉన్నవని అనుకొనుడు. వాటి మధ్యగా ఒక తాడు పోనిచ్చి, ఈ కొస పట్టుకొని ఆడించినచో, పైకి క్రిందికి ఆడే అల మాత్రమే అవతలికి పోవును. ప్రక్కలకు ఆడే అల ఊచలకు తగిలి ఆగిపోవును. కొన్ని స్ఫటికాలు, పోలరాయిడ్ రేకులు కాంతికి ఇటువంటి ఊచలు. వాటి గుండా వచ్చిన కాంతి ఒకే తలంలో కంపించును. దానిని ధ్రువిత కాంతి అందురు. ఈ కాంతిని పంచదార నీటి గుండా పంపినచో, బయటకు వచ్చునప్పటికి ఆ తలం కొంత కుడివైపునకు తిరిగి ఉండును. ఉప్పు నీటిలో తిరగదు, మంచినీటిలో తిరగదు. ద్రవాలకు ఈ గుణం కలదని 1815లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బియో గుర్తించినారు.

ఎంత తిరుగుననునది మూడింటిపై ఆధారపడును: పదార్థపు స్వభావం, ద్రావణంలో దాని గాఢత, కాంతి ప్రయాణించిన పొడవు. ఒక డెసిమీటరు పొడవున, మిల్లీలీటరుకు ఒక గ్రాము గాఢతకు లెక్కించిన భ్రమణాన్ని విశిష్ట భ్రమణం అందురు. సుక్రోజుకు, అనగా మన పంచదారకు, 20 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద సోడియం దీపపు పసుపుపచ్చ కాంతిలో ఇది +66.5 డిగ్రీలు. చక్కెర పరిశ్రమవారు 26 గ్రాముల శుద్ధ పంచదారను నీటిలో కరిగించి, మొత్తం ద్రావణం 100 మిల్లీలీటర్లు అగునట్లు చేసి, 2 డెసిమీటర్ల గొట్టంలో పోసినప్పుడు వచ్చు భ్రమణానికి 100 అని గుర్తు పెట్టుకొన్నారు. మీరే గుణించి చూడుడు: 66.5ను 2తోను, 0.26తోను గుణించినచో సుమారు 34.6 డిగ్రీలు. అదే 26 గ్రాముల నమూనా తీసుకొన్నప్పుడు సూచి 85 వద్ద ఆగినచో, దానిలో నూటికి 85 వంతులు పంచదార అని భావింతురు. దీనినే ఫ్యాక్టరీ భాషలో 'పోల్' అందురు. ఆ విద్యార్థి ప్రశ్నకు సమాధానం ఇంతే. కంటితో చూచునది పంచదారను కాదు, పంచదార తిప్పిన కాంతిని.

ప్రయోగశాల లేని విద్యార్థి కూడ దీనిని ఇంటి వద్ద చూడవచ్చును. 60 గ్రాముల పంచదారను 40 గ్రాముల నీటిలో గోరువెచ్చగా కరిగించి చల్లార్చినచో, ఆ పాకంలో మిల్లీలీటరుకు సుమారు 0.77 గ్రాముల పంచదార ఉండును. ఈ పాళ్ళలో కావలసినంత పాకం చేసి, అడుగు చదునుగా ఉన్న గాజు గ్లాసులో 10 సెంటీమీటర్ల లోతున పోయవలెను. చాలా సెల్ ఫోన్ల తెరల నుండి వచ్చు కాంతి ముందే ధ్రువితమై ఉండును. తెరపై తెల్లని బొమ్మ పెట్టి, పోలరాయిడ్ చలువ కళ్ళద్దాన్ని మెల్లగా త్రిప్పుచు చూచినచో ఒకచోట తెర నల్లబడును. అప్పుడు గ్లాసును తెరపై ఉంచి పైనుండి చూడుడు. నలుపు పోయి వెలుగు తిరిగి వచ్చును. అద్దాన్ని సుమారు 50 డిగ్రీలు త్రిప్పితే గాని మరల మసకబారదు. పైగా ఆ వెలుగు తెల్లగా ఉండదు, రంగులు మారుచుండును. నీలికాంతి ఎక్కువగా, ఎర్రకాంతి తక్కువగా తిరుగుటయే దీనికి కారణం. ఈ రంగుల సంగతి మరల తరువాత వచ్చును.

పంచదార ఎందుకు కాంతిని త్రిప్పుచున్నదను ప్రశ్నకు మొదటి జాడ దొరికినది పంచదారలో కాదు, పులుపులో. మన వంటింటి చింతపండు పులుపునకు ముఖ్య కారణం టార్టారిక్ ఆమ్లం. అరబ్బు వర్తకులు చింతపండును 'తమర్ హిందీ', అనగా హిందూదేశపు ఖర్జూరం అన్నారు. ఆంగ్లేయుల పేరు దాని నుండి పుట్టినదే. ద్రాక్షలో కూడ ఇదే ఆమ్లం ఉన్నది. ప్రకృతిలో సాధారణంగా దొరకు ఈ ఆమ్లం కాంతిని కుడికి త్రిప్పును. కాని ఫ్రాన్సు దేశపు ద్రాక్షసారా పీపాల మడ్డిలో అప్పుడప్పుడు మరియొక ఆమ్లం దొరికెడిది. పరమాణువుల లెక్క అంతా టార్టారిక్ ఆమ్లం వంటిదే. కాంతిని మాత్రం ఏ వైపునకూ త్రిప్పదు. దీనికి రెసిమిక్ ఆమ్లం అని పేరు పెట్టినారు. లాటిన్ భాషలో రెసిమస్ అనగా ద్రాక్ష గుత్తి.

1848లో పాతికేళ్ళ యువకుడు లూయీ పాశ్చర్ ఈ రెండవ ఆమ్లపు సోడియం అమ్మోనియం లవణాన్ని స్ఫటికీకరించి భూతద్దం క్రింద పరీక్షించినారు. స్ఫటికాలు రెండు రకాలుగా ఉన్నవి. కొన్నింటి చిన్న ముఖాలు కుడివైపునకు, కొన్నింటివి ఎడమవైపునకు వాలి ఉన్నవి. ఒకటి రెండవదానికి అద్దంలోని ప్రతిబింబం. ఓపికగా వాటిని ఏరి రెండు కుప్పలు చేసి, వేరువేరుగా నీటిలో కరిగించి చూచినారు. ఒకటి కుడికి, మరొకటి అంతే మేరకు ఎడమకు కాంతిని త్రిప్పినది. రెండును సమపాళ్ళలో కలిసినప్పుడు ఒకదాని పని రెండవది చెరుపుచున్నదన్నమాట. వార్త విన్న వృద్ధుడు బియో నమ్మక, తన వద్దనున్న ఆమ్లాన్నే ఇచ్చి తన ఎదుటనే మరల చేయించినారు. శాస్త్రంలో అనుమానించువాడు శత్రువు కాదని మన విద్యార్థులు ఈ ఘట్టం నుండి గ్రహింపవచ్చును.

ఇక్కడ ఒక చిన్న సంగతి. ఆ లవణం రెండు రకాల స్ఫటికాలుగా విడిపోవుట సుమారు 27 డిగ్రీలకు లోపుగా మాత్రమే జరుగును. అంతకు మించిన వేడిలో కుడి ఎడమ అణువులు రెండును ఒకే స్ఫటికంలో జతగా కూర్చుండును. ఏరుటకు ఏమియు ఉండదు. పాశ్చర్ ప్యారిస్ నగరపు చల్లదనంలో కాక మన బందరులో వైశాఖ మాసమున ఈ ప్రయోగం తలపెట్టి ఉన్నచో ఏమి జరిగెడిదో ఊహించుకొనవచ్చును. అదృష్టం అనునది కొన్నిసార్లు వాతావరణ రూపంలో కూడ వచ్చును.

1874లో వాంట్ హాఫ్, లెబెల్ అను ఇద్దరు యువకులు వేరువేరుగా దీనికి కారణం చెప్పినారు. కార్బన్ పరమాణువునకు నాలుగు చేతులు. అవి ఒకే తలంలో కాక, నాలుగు మూలల దిమ్మె కొనల వైపునకు చాచి ఉండును. ఆ నాలుగింటికి నాలుగు వేరువేరు సమూహాలు తగిలినప్పుడు వాటిని రెండు విధాలుగా మాత్రమే అమర్చవచ్చును. ఆ రెండును ఒకదానికొకటి ప్రతిబింబాలు. ఎంత త్రిప్పినను ఒకదానిపై ఒకటి సరిగా కూర్చుండవు. ఇటువంటి పదార్థాలను కైరల్ పదార్థాలు అందురు. గ్రీకు భాషలో ఆ మాటకు మూలం 'చేయి'. ఆ జంట రూపాలను ఎనాన్షియోమర్లు అందురు.

పేర్ల విషయంలో విద్యార్థులు తరచు తడబడుచుందురు. కాంతిని కుడికి త్రిప్పునది ధన, ఎడమకు త్రిప్పునది ఋణ. ఇది పరికరంలో చూచిన మాట. డి, ఎల్ అనునవి, ఆర్, ఎస్ అనునవి అణువు ఆకృతిని బట్టి పెట్టిన పేర్లు. ఈ రెంటికీ నియతమైన సంబంధం లేదు. పండ్లలోని ఫ్రక్టోజు డి కుటుంబానికి చెందినదే, కాని కాంతిని గట్టిగా ఎడమకు త్రిప్పును. శంఖాన్ని తలచుకొన్నచో ఇది సులభంగా బోధపడును. అరుదుగా దొరకు దక్షిణావర్త శంఖాన్ని మనవారు కుడివైపు తిరిగినదని పూజలో ఉంచుదురు. జంతుశాస్త్రజ్ఞుడు అదే శంఖాన్ని మొన పైకి పట్టి చూచి, ఎడమవైపు తిరిగినదని వ్రాసుకొనును. ఇద్దరిలో ఎవరును తప్పు చెప్పలేదు. పట్టుకొన్న తీరు వేరు. ఏది నిజంగా ఏ ఆకృతి అనునది 1951లో హాలెండు దేశపు బైఫుట్ ఎక్స్-కిరణాలతో టార్టారిక్ ఆమ్ల లవణంపై చేసిన పరిశోధన వరకు ఎవరికీ రూఢిగా తెలియదు. అంతకు ముందు రసాయనజ్ఞులు ఒక ఊహను ఆధారం చేసుకొని పేర్లు పెట్టినారు. ఆ ఊహ సరియైనదే అయినది.

ఇప్పుడు అసలు విషయానికి వత్తము. ఒక పదార్థం రసాయనికంగా నూటికి నూరుపాళ్ళు శుద్ధమై ఉండవచ్చును. అయినను దానిలో కుడి రూపం ఎంత, ఎడమ రూపం ఎంత అను ప్రశ్న మిగిలియే ఉండును. నమూనా చూపిన విశిష్ట భ్రమణాన్ని, పూర్తిగా ఒకే రూపం గల పదార్థపు విశిష్ట భ్రమణంతో భాగించి నూటితో గుణించినచో వచ్చునది దృక్ శుద్ధత. ఉదాహరణకు నాప్రోక్సెన్ అను కీళ్ళనొప్పుల మందు తీసుకొందము. శుద్ధమైన దాని భ్రమణం క్లోరోఫారంలో సుమారు +66 డిగ్రీలు. మన నమూనా +52.8 చూపినదనుకొనుడు. దృక్ శుద్ధత నూటికి 80. అనగా కుడి రూపం 80, ఎడమ రూపం 20 అని చాలమంది పరీక్షలో వ్రాయుదురు. అది తప్పు. మిగిలిన 20 వంతులు రెసిమిక్ మిశ్రమం; దానిలో సగం కుడి, సగం ఎడమ. కనుక కుడి 90, ఎడమ 10. గుడివాడ నుండి రైలులో వచ్చు నా విద్యార్థులకు దీనిని ఇట్లు చెప్పుచుందును: పెట్టెలో వంద చెప్పులలో 10 జతలు తీసి ప్రక్కన పెట్టగా 80 చెప్పులు కుడికాలివే మిగిలినవి. ఆ మిగిలిన 80యే మన లెక్క.

ఈ పద్ధతి ఎంత సులభమో అంత మోసం కూడ చేయగలదు. ఆ మోసాన్ని మరల చెరకులోనే చూడవచ్చును. నరికిన చెరకు ఎండలో పడియున్నచో దానిలోని సుక్రోజు క్రమంగా గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడిపోవును. గ్లూకోజు సుమారు +52.7 డిగ్రీలు కుడికి, ఫ్రక్టోజు సుమారు 92 డిగ్రీలు ఎడమకు త్రిప్పును. రెండును సమపాళ్ళలో ఉన్నప్పుడు మొత్తం మీద 20 డిగ్రీలు ఎడమకు. +66.5 ఉన్నది తలక్రిందులై ఎడమకు పోవుట చేతనే దానిని ఇన్వర్ట్ చక్కెర అన్నారు. పువ్వుల తేనె సాధారణంగా కాంతిని ఎడమకు త్రిప్పుట కూడ ఇందువలననే. కనుక చెరకులో పంచదార కొంతయే పోయినను పోల్ అంతకు మించి పడిపోవును. ఇది ఒక వైపు మోసం.

రెండవ వైపు మోసం ఇంకను చిత్రమైనది. నిలువ ఉన్న చెరకులో ల్యూకోనాస్టాక్ అను సూక్ష్మజీవి చేరి సుక్రోజును తినివేసి డెక్స్‌ట్రాన్ అను జిగురు పదార్థాన్ని తయారుచేయును. ఇది సుక్రోజు కంటె సుమారు మూడు రెట్లు ఎక్కువగా కాంతిని కుడికే త్రిప్పును. అప్పుడు పరికరం లేని పంచదారను ఉన్నట్లుగా చూపును. కాగితం మీద పోల్ బాగుండును. మరుగు పెనంలో స్ఫటికాలు సరిగా కట్టవు. ఒకే కాంతి, ఒకే గొట్టం. ఒకచోట తక్కువ చూపినది, మరొకచోట ఎక్కువ చూపినది. ఇది ప్రయోగశాలలో ముగిసిపోవు ముచ్చట కాదు. మన దేశంలో చెరకు ధర ఫ్యాక్టరీ రాబట్టిన పంచదార రికవరీ శాతంతో ముడిపడి ఉన్నది. నరికిన చెరకు బండ్ల వరుసలో నిలిచిపోయిన ప్రతి దినం రైతు లెక్కలోను, ఫ్యాక్టరీ లెక్కలోను కనిపించును. ఆ వరుసలో నిలబడిన తండ్రి గల కుర్రవాడు ఆ ప్రశ్న అడిగినందుకు నాకు ఆశ్చర్యం లేదు.

ఇన్వర్ట్ చక్కెర చిక్కును 1849లో క్లెర్జె అను ఫ్రెంచివాడు తెలివిగా విప్పినారు. ఒకసారి భ్రమణం చూచి, తరువాత ఆమ్లంతో సుక్రోజును పూర్తిగా విడగొట్టి రెండవసారి చూచినచో, రెండు కొలతల మధ్య తేడా సుక్రోజు వలన వచ్చినదే అగును. మిగిలిన పదార్థాలు రెండుసార్లును దాదాపు ఒకే విధంగా ఉండును. ఒకే సాక్షిని రెండు సందర్భాలలో ప్రశ్నించి నిజం రాబట్టినట్లు.

కర్బన సంశ్లేషణ చేయువారికి మరికొన్ని చిక్కులు ఉన్నవి. శుద్ధ పదార్థపు భ్రమణం ఎంతయో ముందుగా తెలిసి ఉండవలెను. కొత్తగా తయారు చేసిన పదార్థానికి ఆ సంఖ్య ఎవరు చెప్పగలరు? కొన్ని పదార్థాలు కైరల్ అయినను భ్రమణం సున్నకు దగ్గరగా ఉండును. ద్రావణి మారినను, వేడి మారినను, చిటికెడు మలినం చేరినను సంఖ్య మారును. అన్నిటి కంటె విస్మయకరమైనది 1969లో ఒరో అను శాస్త్రజ్ఞుడు చూపినది: కొన్ని ఆమ్లాలలో భ్రమణం, కుడి ఎడమల నిష్పత్తి ఒకే వరుసలో పెరగవు. అణువులు ద్రావణంలో జతలు కట్టుటయే దీనికి కారణం. కనుక దృక్ శుద్ధత అను పాత మాటకు బదులు నేటి పత్రికలు ఎనాన్షియోమర్ ఆధిక్యం అను మాటను వాడుచున్నవి. మొదటిది కాంతిని కొలిచి చెప్పునది. రెండవది అణువులను లెక్కించి చెప్పునది.

అణువులను లెక్కించుటకు వర్ణపటమాపన పద్ధతులు తోడ్పడును. కాని ఇక్కడ ఒక అడ్డంకి. పరారుణ వర్ణపటం గాని, ఎన్.ఎం.ఆర్. వర్ణపటం గాని సాధారణ ద్రావణిలో కుడి ఎడమ రూపాలకు అచ్చంగా ఒకటిగా ఉండును. అద్దంలో చూచినంత మాత్రాన చేతి పొడవు మారదు గదా! వాటిని విడదీసి చూడవలెనన్నచో మూడవ కైరల్ వస్తువు ఒకటి కావలెను. చీకటిగదిలో ఎదుటివాడు ఏ చేయి చాచినాడో తెలియదనుకొనుడు. మీరు కుడిచేయి చాచి ముసాఫహా చేసినచో వెంటనే తెలియును. కుడికి కుడి అమరును. కుడికి ఎడమ ఇబ్బందిగా తగులును.

1969లో మోషర్, ఆయన సహచరులు ప్రచురించిన పద్ధతి సరిగా ఇదే. ఒక శుద్ధమైన కైరల్ ఆమ్లాన్ని పరీక్షింపవలసిన ఆల్కహాలుతో కలిపి ఎస్టరు చేసినచో, కుడి-కుడి, కుడి-ఎడమ అను రెండు జతలు ఏర్పడును. ఇవి పరస్పరం ప్రతిబింబాలు కావు, డయాస్టీరియోమర్లు. కనుక ఎన్.ఎం.ఆర్. వర్ణపటంలో వేరువేరు శిఖరాలుగా కనిపించును. శిఖరాల వైశాల్యాల నిష్పత్తియే కుడి ఎడమల నిష్పత్తి. ఆ ఆమ్లంలో ఫ్లోరిన్ ఉండుట వలన ఫ్లోరిన్ వర్ణపటంలో కూడ చూడవచ్చును. 1970 నుండి యూరోపియం లోహపు కైరల్ సమ్మేళనాలను కూడ వాడుచున్నారు. వీటిని ద్రావణంలో కలిపినంతనే శిఖరాలు విడిపోవును, ఎస్టరు చేయు పని లేదు. మోషర్ పద్ధతి వాడువారు ఒకటి మరువరాదు. చర్య పూర్తిగా జరుగవలెను. సగంలో ఆపినచో, ఒక రూపం త్వరగా, మరొకటి నిదానంగా చర్య జరుపుట వలన నిష్పత్తి తప్పగును. ఎస్టరును స్ఫటికీకరించి 'శుభ్రం' చేసినచో ఇంకను తప్పు, ఎందుకనగా స్ఫటికంలో ఒక జతయే ఎక్కువగా చేరును. శుభ్రతయే కొలతను చెరుపు సందర్భం ఇది.

ఇక రంగుల సంగతి. తరంగదైర్ఘ్యంతో భ్రమణం మారుటను, కుడి ఎడమ వృత్తధ్రువిత కాంతులను పదార్థం వేరువేరుగా శోషించుటను కొలిచి అణువు ఆకృతిని ఊహింపవచ్చును. శోషణ పట్టీ వద్ద భ్రమణం హఠాత్తుగా తలక్రిందులగుటను కాటన్ ప్రభావం అందురు. డెల్టావాసులు ఈ పేరు వినగానే ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొరను తలచుకొనుట సహజమే. ఈయన ఆయన కాదు. 1895లో దీనిని గుర్తించిన ఫ్రెంచి భౌతిక శాస్త్రజ్ఞుడు ఎమె కాటన్. నేటి పరిశ్రమలో మాత్రం ఎక్కువగా వాడునది కైరల్ పదార్థం పూసిన స్తంభం గల హెచ్.పి.ఎల్.సి. పరికరం. కుడి రూపం ఒక నిమిషాన, ఎడమ రూపం మరొక నిమిషాన బయటకు వచ్చును, లెక్క తేలిపోవును.

ఇంత శ్రమ ఎందుకనువారు తమ ముక్కునే అడుగవచ్చును. కార్వోన్ అను పదార్థపు ఒక రూపం పుదీనా జాతి ఆకు వాసన వేయును. దాని ప్రతిబింబం కారవే విత్తుల వాసన వేయును. కారవే మన బిర్యానీలో పడు షాజీరాకు దగ్గరి చుట్టం. మన ముక్కులోని గ్రాహకాలు కైరల్ కనుకనే ఈ తేడా. శరీరంలోని ప్రోటీనులు, ఎంజైములు అన్నియు అటువంటివే. మందుల దుకాణంలో సెట్రిజిన్ 10 మిల్లీగ్రాముల బిళ్ళ, లీవోసెట్రిజిన్ 5 మిల్లీగ్రాముల బిళ్ళ రెండును ప్రక్కప్రక్కన ఉండుట మీరు చూచియుందురు. మొదటిది రెసిమిక్, రెండవది దానిలోని పనిచేయు సగం. ఆఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ల సంబంధం కూడ అటువంటిదే. క్షయవ్యాధికి వాడు ఎథాంబ్యుటాల్‌లో ఎస్-ఎస్ రూపం, దాని ప్రతిబింబం కంటె కొన్ని వందల రెట్లు బలమైనది. ఇది 1961లో అమెరికాలోని లెడర్లీ సంస్థలో పుట్టినది; భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1948లో మరణించు వరకు పరిశోధనలు నడపిన సంస్థ అది.

థాలిడోమైడ్ కథను పాఠ్యపుస్తకాలు తరచు సగమే చెప్పును. 1957లో పశ్చిమ జర్మనీలో విక్రయానికి వచ్చి, వేలాది శిశువులు అవయవలోపంతో పుట్టుటకు కారణమై, 1961 నవంబరులో ఉపసంహరింపబడిన ఈ మందు రెసిమిక్. ఒక రూపం మంచిది, మరొకటి చెడ్డది, వేరుచేసి ఉంటే ప్రమాదం తప్పెడిది అని వ్రాయుదురు. శరీరంలో ఈ రెండు రూపాలును ఒకదాని నుండి ఒకటి మారుచుండును. అందుచేత శుద్ధమైన ఒక్క రూపం ఇచ్చినను రక్షణ లేదు. దృక్ శుద్ధత సీసాలో ఉన్నంత మాత్రాన చాలదు, శరీరంలో నిలువవలెను. 1992లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కైరల్ మందుల విషయమై విధానాన్ని ప్రకటించి, తయారీదారులు రెండు రూపాల సంగతిని తెలుసుకొని చెప్పవలెనని కోరినది. ఆ తరువాత ఈ విద్య పరిశ్రమకు అన్నం పెట్టు విద్య అయినది.

మన ప్రాంతానికి దానిలో పాలు కలదు. హైదరాబాదులో 1944లో స్థాపితమై, 1989లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీగా పేరు మారిన ప్రయోగశాల, ఎ.వి. రామారావుగారి నాయకత్వంలో కైరల్ సంశ్లేషణకు పేరుపొందినది. మన కృష్ణా జిల్లాకు చెందిన దివి మురళిగారు 1990లో ఆరంభించిన సంస్థ నేడు ప్రపంచంలో నాప్రోక్సెన్ తయారు చేయు పెద్ద సంస్థలలో ఒకటి. నాప్రోక్సెన్ ఎస్ రూపంలోనే అమ్ముడుపోవును. పరిశ్రమలో ప్రసిద్ధమైన ఒక పద్ధతిలో, రెసిమిక్ నాప్రోక్సెన్‌ను గ్లూకోజు నుండి తయారు చేసిన గ్లూకమిన్ అను క్షారంతో కలుపుదురు. ఎస్ రూపపు లవణం స్ఫటికమై దిగును. ద్రావణంలో మిగిలిన ఆర్ రూపాన్ని వేడిచేసి మరల రెసిమిక్‌గా మార్చి వాడుకొందురు, ఏదియు పారవేయరు. పాశ్చర్ చిమటతో ఏరినదానిని ఇక్కడ చక్కెర చేయి ఏరుచున్నది.

కళాశాల కమిటీ సభ్యులకు ఒక మనవి. ఎన్.ఎం.ఆర్. యంత్రం మనవంటి కళాశాలకు అందునది కాదు, అడుగుట లేదు. మన రసాయనశాలలో కొయ్యపెట్టెలో ఒక పోలారిమీటరు ఉన్నది. దాని కటకాలు, గొట్టం బాగుగానే ఉన్నవి. సోడియం దీపం మాత్రం కాలిపోయినది. ఒక దీపం, 2 డెసిమీటర్ల గొట్టం మరియొకటి లభించినచో చాలును. జనవరి మాసపు తెల్లవారుజామున గది 27 డిగ్రీలకు లోపుగా ఉండు రోజులలో పాశ్చర్ ప్రయోగాన్ని చేయించవలెనని నా కోరిక. చింతపండులో కుడి రూపమే ఉండును గనుక రెసిమిక్ ఆమ్లాన్ని మాత్రం కొనవలసియుండును. దివిసీమ విద్యార్థి తన వంతుగా రెండు కట్టల చెరకు తెచ్చెదనని మాట ఇచ్చినాడు: ఒకటి ఆనాడు నరికినది, రెండవది ఐదు దినాల ముందు నరికి ఎండలో పడవేసినది. రెండింటి రసాన్నీ క్లెర్జె పద్ధతిలో రెండేసి సార్లు కొలిచి, వచ్చు సంచికలో అంకెలు ఆ అబ్బాయి చేతనే వ్రాయింతును.